వేపమండల వెనక పేరంటాలు

నేను చెబుతుంటే రాస్తున్నది నా కోడలు దేవి. నాకు సంతకం వచ్చు. బస్సు నుదుట బరంపురం అని ఒడియాలో ఉంటే గుర్తుపడతాను. అంతకు మించి చదువు లేదు. దేవి ఇచ్ఛాపురం అవతల తెలుగు బడిలో పది దాకా చదివింది. "నువ్వు మాటాడినట్టే రాసేత్తే సదివినోలకి అర్తం కాదత్తా, పుస్తకం బాసలోకి మారుస్తాను" అంది. సరే మార్చమన్నాను. మనుషుల నోటి మాటలు మాత్రం కదపొద్దన్నాను. పక్కింటి కన్నమ్మ మాట్లాడితే కన్నమ్మలాగే ఉండాలి.

ఇప్పుడెందుకు రాయిస్తున్నానంటే, మొన్న ఛత్రపురం నుంచి ఒక పిల్ల నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నా దగ్గరున్నలాంటి పిట్టనే కొనుక్కుందట. అది ఈకలు ఉబ్బించుకుని కదలకుండా కూర్చుంటోందట. ఏం చేయమంటావని అడిగింది. నేను గబగబా చెప్పాను, ఆ పిల్ల భయంతో సగమే వింది. రాసి ఉంటే మళ్ళీ చూసుకుంటుంది కదా.

మాది చమఖండి పక్కన గట్టు మీద పల్లె. మేం తెలుగువాళ్ళం, తాతల నాటి నుంచి ఇక్కడే వేట. మగవాళ్ళు వల వేస్తారు, ఆడవాళ్ళం చేప ఎండబెట్టి అమ్ముతాం. తాబేళ్ళు గుడ్లకు వచ్చే నెలల్లో మరబోట్లను సముద్రం మీదికి పోనివ్వరు. అప్పుడు కుర్రవాళ్ళు కేరళ రేవులకు పోయి అక్కడి బోట్లెక్కుతారు. నా కొడుకు అప్పన్న కూడా అంతే. వాళ్ళ నాన్న పోయిన మరుసటి ఏడు ఇంటికి వస్తూ రైల్లో ఒక పంజరం తెచ్చాడు. వాళ్ళ నాన్న సముద్రంలో పోలేదు, కడుపులో పుండుతో పోయాడు. వేటగాడి పెళ్ళాం విధవరాలంటే అందరూ సముద్రమే అనుకుంటారు, అందుకని చెబుతున్నాను.

"ఏట్రా ఇది?" అన్నాను.

"పిట్టమా. నీకు తోడుంటాదని తెచ్చినాను."

"మాటాడతాదేటి?"

"మాటాడదు. ఈలలేస్తాది."

"మీ అయ్యా అంతే" అన్నాను.

బూడిద రంగు ఒళ్ళు. నెత్తిన నిక్కబొడుచుకున్న కొప్పు. ముఖమంతా పసుపు రాసుకున్నట్టు, రెండు బుగ్గల మీదా కుంకం అద్దినట్టు ఎర్రటి మచ్చలు. పక్కింటి కన్నమ్మ వచ్చి చూసింది. ఆమె కూడా నాలాగే మొగుడు పోయినది. బుగ్గన చెయ్యి పెట్టుకుని, "ఓలప్పా! మనకి నేని పసుపూ కుంకం దీనికెవలు పెట్టినారే! ఇది పిట్ట కాదు, పేరంటాలు" అంది. ఆ పేరే ఉండిపోయింది.

తర్వాత అప్పన్నకు పెళ్ళయింది, దేవి ఇంటికి వచ్చింది. అయినా భోజనానికి నాకు జత పేరంటాలే. నేను కంచం ముందు కూర్చుంటే చాలు, భుజం మీదికి వచ్చి నా మూతి దగ్గర ముక్కు పెట్టేది. నమిలిన మెతుకు పెదవుల మధ్య పట్టుకుంటే మెల్లగా అందుకునేది. మొదటి మెతుకు దానిది, తర్వాత ముద్ద నాది. దేవి మొహం చిట్లించేది. "ఎంగిలి కాదేటత్తా?" అనేది. ఎంగిలి పిట్టకో నాకో నేనెప్పుడూ ఆలోచించలేదు.

కార్తీకం చివర జబ్బు మొదలైంది. ఒడియా లెక్కలో కార్తీకం పున్నమితో అయిపోతుంది. ఆ ఆఖరి ఐదు రోజులు, పంచుక అంటారు ఇక్కడ, ఒడియా ఇళ్ళల్లో చేప వాసన కూడా పడదు. మాకు బేరం ఉండదు, ఇంటి పట్టునే ఉంటాం. ఆ రోజుల్లో పేరంటాలు ఈల మానేసింది. ఒళ్ళంతా బంతిలా ఉబ్బించుకుని ఒక మూల కూర్చుంది. కళ్ళ చుట్టూ వాచి నీరు కారింది. రెట్ట పచ్చగా పడింది.

అప్పుడే మా పల్లెలో కులపెద్ద దానయ్య మావ మనవడికి అమ్మోరు పోసి ఉంది. ఒంటి నిండా పొక్కులు. వాళ్ళింటి గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. కన్నమ్మ ఆ గుమ్మం బయట మొక్కుకుని నేరుగా మా ఇంటికి వచ్చి, పిట్ట కళ్ళు చూసి, రెండు చేతులూ ఎత్తి మొక్కింది.

"అమ్మోరే సిట్టెమ్మా! పసుపు ముకం సూసి దిగినాది తల్లి. నువ్వు అదురుస్టవంతురాలివి."

కన్నమ్మ మాట అంటే మా పల్లెలో తేలిక కాదు. జాతరలో ఆమెకు పూనకం వస్తుంది. దేవి మాత్రం, "పిట్టకి అమ్మోరేటి కన్నమ్మత్తా? బరంపురంలో పసువుల డాక్టరుకి సూపించుదాము" అంది. అప్పటికి దేవి కడుపుతో ఉంది, ఐదో నెల.

"నోరు ముయ్యే గుంటా. తల్లి ఇంటాది" అంది కన్నమ్మ.

నేను కన్నమ్మ మాటే విన్నాను. అమ్మోరు ఉన్న ఇంటికి ఒక మర్యాద ఉంటుంది. గుమ్మానికి వేపమండలు కట్టాలి. తాలింపు పెట్టకూడదు. మందు వాడకూడదు. బయటివాళ్ళు లోపలికి రాకూడదు. చీపురు ఎత్తకూడదు, ఊడిస్తే తల్లిని గెంటినట్టు. ఇవన్నీ చేశాం, ఒకటి తప్ప. పిట్టకు అమ్మోరు దిగడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు కనుక, బయటివాళ్ళను ఆపలేకపోయాం. ఆడవాళ్ళు వచ్చి పంజరం ముందు పెరుగన్నం పెట్టి, పసుపునీళ్ళు చల్లి, దండం పెట్టుకుని వెళ్ళారు. పంజరం కింద రేకులో రెట్ట పేరుకుని ఎండిపోయింది. పిట్ట రెక్క విదిలిస్తే తెల్లగా పొడి లేచేది. అది కూడా విభూతి లాంటిదేనన్నారొకరు.

పున్నమి నాడు తల్లిని సాగనంపాం. మరునాడు ఛాడఖాయి. అంటే నెలంతా చేప ముట్టని ఇళ్ళన్నీ ఒక్కసారిగా బజారు మీద పడే రోజు. మా ఏడాది బేరంలో ఆ పూట పెద్దది. గంప సర్దుకోవాలి, తెల్లారే బస్సు అందుకోవాలి. అందుకని ఆ సాయంత్రమే వేపమండలు తీసి, అన్నాళ్ళ చెత్తా గబగబా ఎత్తిపోశాం. పంజరం నేను ఊడ్చాను, గది కన్నమ్మ ఊడ్చింది. పొడి చీపురు. ఇద్దరం దుమ్ములో తుమ్ముకుంటూ నవ్వుకున్నాం. దేవి కడుపుతో ఉంది కదా, వంగనివ్వకుండా బయట అరుగు మీద కూర్చోబెట్టాం. ఆ ఒక్కటీ మంచే జరిగింది, తెలియకుండా.

పిట్ట కాస్త తేరుకుంది. ఒక ఈల కూడా వేసింది. పల్లె అంతా మొక్కింది.

మార్గశిరం వచ్చేసరికి నేను పడ్డాను. తల రెండుగా చీలిపోతున్నట్టు నొప్పి. ఒళ్ళు కాలేది, వణికేది. పొడి దగ్గు. ఛత్రపురంలో రక్తం చూసి మలేరియా కాదన్నారు, బిళ్ళలిచ్చారు. తగ్గినట్టు తగ్గి మళ్ళీ వచ్చేది. కన్నమ్మకూ అంతే. ఆమె బిళ్ళ కూడా మింగలేదు, తల్లి సరిగా వెళ్ళలేదు, తోక మిగిలిపోయిందంది. ఇంతలో పేరంటాలు మళ్ళీ కూలబడింది. ఈసారి ఊపిరి తీస్తుంటే తోక పైకీ కిందకీ ఆడుతోంది.

దేవి నా ఎదుట నిలబడింది. "అత్తా, నువ్వు నీ కోసం ఆసుపత్రికెల్లవు, నాకు తెలుసు. పిట్ట కోసమైనా బయలెల్లు."

మార్గశిరం గురువారాలు ఒడియా ఇళ్ళల్లో లక్ష్మి పూజ, ఆ రోజు ఎండుచేప ఎవరూ అడగరు. ఒక గురువారం పంజరానికి పాత చీర చుట్టి బస్సెక్కాను.

పశువుల ఆసుపత్రిలో బల్ల మీద చోటిచ్చారు. ఒకాయన మేకపిల్లను ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒకామె కుక్కకు స్వెట్టరు తొడిగి తెచ్చింది. బయట గేదె ఒకటి గోడకు ఒళ్ళు రాస్తోంది. నాకు దగ్గు ఆగడం లేదు. కుక్క ఆమె జరిగింది, ఇంకొంచెం జరిగింది, ఆఖరికి లేచి నిలబడింది. మేక ఆయన తన నీళ్ళ సీసా ఇచ్చి, "మాఉసీ, గుమ్మంలో గాలి వస్తోంది, అక్కడ కూర్చో. నీ వంతు వస్తే నేను పిలుస్తాను" అన్నాడు ఒడియాలో. మాఉసీ అంటే పిన్నీ అని. పిలిచాడు కూడా. తన వంతు ముందే వచ్చినా నన్ను పంపించాడు. ఆయన పేరు నాకు తెలియదు.

డాక్టరు కుర్రాడే. ఆయనతో మాటలన్నీ ఒడియాలోనే. పిట్టను చూశాడు, తర్వాత చాలాసేపు నన్ను చూశాడు.

"మాఉసీ, ఈ దగ్గు ఎప్పటి నుంచి?"

"నేను పిట్టను చూపించడానికి వచ్చాను బాబూ, నన్ను కాదు."

ఆయన మూతికి గుడ్డ కట్టుకున్నాడు, నాకూ ఒకటి ఇచ్చాడు. "దీనికి తిండి ఎలా పెడతావు?" అన్నాడు. పెదవులు ముడిచి చూపించాను. "పంజరం ఎలా ఊడుస్తావు?" అన్నాడు. అమ్మోరు సంగతంతా చెప్పాను. ఊడ్చిన సంగతీ చెప్పాను. "ఇంట్లో ఇంకెవరున్నారు?" అన్నాడు.

"కోడలు. కడుపుతో ఉంది."

రాస్తున్న కలం కింద పెట్టేశాడు. అప్పుడు భయం వేసింది నాకు. అంతవరకూ వేయలేదు.

ఇది చిలకల జాతి పిట్టలకు వచ్చే జ్వరం కావచ్చన్నాడు. ఎండిన రెట్ట పొడి ఊపిరిలో పోతే మనిషికి అంటుకుంటుందట, ఊపిరితిత్తులకు పడుతుందట. కడుపుతో ఉన్నవాళ్ళకు మరీ చెడ్డదట. నమూనా తీసి పైకి పంపిస్తాను, జవాబు వచ్చేదాకా ఆగొద్దు, ముందు మనుషుల సంగతి చూద్దామన్నాడు. నేను తిడతాడేమో అనుకున్నాను. తిట్టలేదు.

"మా అమ్మ కూడా అంతే చేసేది మాఉసీ. మేము ఠాకురాణి వచ్చింది అంటాం. తలుపు మూయడం, వేప కట్టడం, బయటివాళ్ళను రానివ్వకపోవడం, అవన్నీ మంచివే. చీపురు ముట్టకపోవడం కూడా మంచిదే. కానీ ఊరుకోకూడదు, తడిగుడ్డతో తుడవాలి. మందు మానకూడదు. తేడా అంతే."

"ఇది బతుకుతుందా?"

"నెలన్నర మందు ఒక్క పూట తప్పకుండా పడితే బతకొచ్చు. తప్పితే మళ్ళీ మొదటికి వస్తుంది. నీ వల్ల కాదనుకుంటే ఇక్కడ వదిలిపెట్టు. బాధ లేకుండా పోనిస్తాం. నిన్ను ఎవరూ తప్పుపట్టరు."

నేను పంజరాన్ని దగ్గరికి లాక్కున్నాను. ఆయనే మళ్ళీ, "ఇప్పుడే చెప్పొద్దులే. నువ్వు పెద్దాసుపత్రికి పో. నువ్వు లేచేదాకా ఇది మా వెనక గదిలో ఉంటుంది" అన్నాడు. లేచి వెళ్ళబోతుంటే, "దీని పేరేమిటి?" అని అడిగాడు. చెప్పి, పేరంటాలంటే ఏమిటో కూడా చెప్పాను. నవ్వాడు. "ఇది మగపిట్ట మాఉసీ."

పెద్దాసుపత్రిలో చేర్చుకున్నారు. కన్నమ్మను కూడా దానయ్య మావ ఆటోలో వేసి పంపించాడు. మంచాలు పక్కపక్కనే పడ్డాయి. జ్వరంలోనూ కన్నమ్మ నోరు ఆగలేదు.

"నీ పిట్ట నన్ను సంపేసినాది."

"నువ్వే కదే అమ్మోరన్నావు."

"నానంటే నువ్వు నమ్మీడమేటి? నీకు బుర్ర నేదా?"

నర్సమ్మ వచ్చి ఇద్దరినీ కసిరింది. ఆ రాత్రి కన్నమ్మకు ఊపిరి అందక ముక్కుకు గొట్టం పెట్టారు. నేను మంచం మీద నుంచి చెయ్యి చాపి దాని చీర కొంగు పట్టుకుని పడుకున్నాను. విడిపించుకోలేదు. జబ్బు పేరు తెలిశాక మందు మార్చారు. ఆ మందుతో ఇద్దరికీ జ్వరం దిగింది. పేరు తెలియడమే సగం వైద్యమని అప్పుడు తెలిసింది. డాక్టరమ్మ, "పిట్ట సంగతి చెప్పకపోయి ఉంటే ఇంకా వెతుకుతూ ఉండేవాళ్ళం" అంది. ఇది చదివేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. దగ్గుతో ఆసుపత్రికి పోతే ఇంట్లో పిట్ట ఉన్నదని అడగకపోయినా చెప్పండి.

దేవిని వాళ్ళమ్మ వచ్చి తీసుకుపోయింది. వార్డు గుమ్మం దాటి లోపలికి రాలేదు, అక్కడి నుంచే అంది. "ఒదినా, మీకు సెప్పేటంతదాన్ని కాను. నా కూతురు ఆ ఇంటికి మల్లీ రావాలంటే ఆ పిట్ట ఉండకూడదు." దేవి ఆమె వెనక నిలబడి ఏడుస్తోంది. ఇచ్ఛాపురంలో దేవి రక్తం తీసి పరీక్షకు పంపారు. ఆ జవాబు కోసం ఎదురుచూసిన రోజుల్లో నేను ఏ దేవుడికి మొక్కాలో తెలియక ఊరికే కూర్చున్నాను.

అప్పన్న కేరళ నుంచి ఫోను చేశాడు. "అమా, దాని పీక నులిమీ."

"నువ్వే తెచ్చినావు కదరా."

"తెచ్చినోన్ని గాబట్టే సెప్తన్నాను."

దేవికి ఏమీ లేదని జవాబు వచ్చింది. పిట్ట నమూనాకు మాత్రం ఉన్నదని వచ్చింది. రెండు కబుర్లూ ఒకే వారంలో.

పుష్యమాసంలో ఇంటికి వచ్చాను. బరంపురం నుంచి వస్తూ పేరంటాలిని తెచ్చుకున్నాను. వదిలిపెట్టి రావడానికే ఆ గదిలోకి వెళ్ళాను. నిజం అది. కొడుకు చెప్పాడు, వియ్యపురాలు చెప్పింది, నాకూ ఒంట్లో ఓపిక లేదు. అది నన్ను చూసి ఊచల మీద పాక్కుంటూ వచ్చి, సందులోంచి ముక్కు బయట పెట్టింది. నా మూతి కోసం. డాక్టరు నెలన్నరకు సరిపడా మందు పొట్లాలు నా చేతిలో పెట్టాడు. ఇక నేనేమీ ఆలోచించలేదు.

పల్లెలో దిగేసరికి కులపెద్దలు కూర్చుని ఉన్నారు. వాళ్ళ భయం వేరే. ఎక్కడో కోళ్ళకు జబ్బు వస్తే సర్కారు మనుషులు వచ్చి ఊళ్ళో కోళ్ళన్నీ గోనెల్లో వేసి పూడ్చారని వాళ్ళు విని ఉన్నారు. ఇది ఆ జబ్బు కాదని డాక్టరు నాకు చెప్పాడు, నేను వాళ్ళకు చెప్పాను. కానీ జబ్బు పిట్ట ఉన్నదని పొక్కితే మా కోళ్ళ గతేమిటంటారు వాళ్ళు. దానయ్య మావ నెమ్మదైన మనిషి. "అమ్మా సిట్టెమ్మా, నీకు పిట్ట, మాకు ఊరు. గోతిలో పెట్టీ. మేవే పెడతాము, నువ్వు సూడకు" అన్నాడు.

కన్నమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, "బేగి కానియ్యండి. నా రొమ్ము ఇంకా నొప్పెడతంది" అంది.

నేను పంజరం దూరంగా ఇసక మీద పెట్టి, మూతికి తువ్వాలు కట్టుకుని మాట్లాడాను.

"మావా, మీ మనవడికి అమ్మోరు పోసినాది. అదీ అంటుకునే జబ్బే. గుంటడ్ని గోతిలో పెట్టినామా?"

"గుంటడూ పిట్టా ఒకటేటమ్మా?"

"ఒకటి కాదు. మరి ఏటి సేసినాము? తలుపు మూసినాము. వేపమండలు కట్టినాము. ఎవల్నీ ఎల్లనీనేదు. డాక్టరు కూడా అదే సేయమన్నాడు. నా పిట్టకి అమ్మోరని మొక్కినప్పుడు మీరందరూ వచ్చినారు. రాకూడదు, అయినా వచ్చినారు. ఇప్పుడు రాకండి. అంతే నానడిగేది. మందు మీద ఉన్నన్నాలు వేపమండలు ఉంటాయి. ఆ పక్కకి ఎవలూ రాకండి."

ఆ ఒక్క పిట్ట వింతకు తప్ప, వేపమండ కట్టిన గుమ్మం దాటడం మాలో పసిపిల్లవాడు కూడా చేయడు. పోలీసు కాపలా ఉన్నా అంత గట్టిగా ఉండదు. దానయ్య మావ కన్నమ్మ వైపు చూశాడు. వేప మాట ఆమెదే కదా.

కన్నమ్మ చాలాసేపు గొణిగి, "కట్టుకోనీండి. కానీ ఊల్లో కాదు. ఆ సివర సేపల పాకలో" అంది.

"ఊల్లో ఇంకొక్కలికి ఆ జొరం వత్తే" అన్నాడు దానయ్య మావ.

"నానే గొయ్యి తవ్వుతాను" అన్నాను.

ఆ మాట ఊరికే అనలేదు. తర్వాత నెలన్నరా ఆ గొయ్యి నా కళ్ళ ముందే ఉంది.

పాక సముద్రం వైపు, మా ఎండుచేప ఆరబెట్టే బరకాల అవతల. నాలుగు వైపులా వేపమండలు కట్టాను, ఎండితే మళ్ళీ పచ్చివి కట్టాను. నేనూ అక్కడే. నా మందు నేను మింగుతున్నాను, దాని మందు దానికి. రేకులో కాగితం పరిచి, రోజూ తడిపి, చుట్టి తీసి, దూరంగా ఇసకలో పూడ్చేదాన్ని. గట్టు మీద దొరికే తెల్లటి, గట్టి సముద్రపు నురుగు బిళ్ళ, దాన్ని ముక్కు అరగదీసుకోవడానికి పంజరంలో కడతాం కదా, అది తీసేయమన్నాడు డాక్టరు. అది ఉంటే మందు ఒంటికి పట్టదట. మంచిదనుకుని పెట్టేదే.

అసలు కష్టం తిండి దగ్గర వచ్చింది. మందు పొడి మెత్తటి అన్నంలో కలిపి గిన్నెలో పెడితే, ఆసుపత్రిలో గిన్నెలోనే తిన్నది, నేను ఎదురుగా ఉంటే మాత్రం గిన్నె వైపు చూడదు. ఊచలు పట్టుకుని నా మూతి వైపే చూస్తుంది. మొదటి రోజు తినలేదు. రెండో రోజూ తినలేదు. కొప్పు వాలిపోయింది. ఒక్క పూట తప్పితే మొదటికి వస్తుందన్నాడు కదా. తువ్వాలు తీసి ఒక్క మెతుకు పెదవి మీద పెట్టి ఇస్తే తినేస్తుంది, నాకు తెలుసు. ముడి దాకా చెయ్యి పోయింది. దేవి గుర్తొచ్చి ఆగాను.

ఆకలి వేసి నేను పాక బయటికి పోయి, గాలి నా వైపు నుంచి పాక వైపు పోయే చోటు చూసుకుని కూర్చుని, నా గంజన్నం తిన్నాను. తింటూ తల తిప్పి చూస్తే అది గిన్నె దగ్గర ఉంది. నేను ముద్ద నోట్లో పెట్టినప్పుడల్లా అదీ ఒక ముక్కు ముంచుతోంది. నేను ఆగితే ఆగుతోంది. అప్పటి నుంచి ఆకలి ఉన్నా లేకున్నా అలాగే, అది అక్కడ, నేనిక్కడ. అది గిన్నె ఖాళీ చేసేదాకా నేను తింటూనే ఉండాలి. ఆసుపత్రిలో పోయిన కండ అంతా ఆ నెలన్నరలో మళ్ళీ వచ్చింది.

నా గంజి ఎవరు తెచ్చేవారంటే కన్నమ్మే. బరకాల దగ్గర కుండ పెట్టి, అక్కడి నుంచి గొంతు చించుకునేది.

"సచ్చినాదా నీ పేరంటాలు?"

"నేదు."

"అయితే గంజి తాగు."

రోజూ ఇదే పలకరింపు. ఒక రోజు మాత్రం ఆమె వేళకు రాలేదు. దానయ్య మావ ఇంటి వైపు నుంచి దగ్గు వినబడింది. ఆడ గొంతు, ఆగకుండా. నేను లేచి నిలబడ్డాను. పాక మూల ఆనించి ఉన్న పార వైపు చూశాను. ఇచ్చిన మాట మాటే. ఎంతసేపు నిలబడ్డానో. అప్పుడు కన్నమ్మ కుండతో వచ్చింది, కళ్ళు ఎర్రగా నీళ్ళు కారుతూ.

"ఎవలే దగ్గుతున్నారు?" అని అరిచాను.

"నానూ, దానయ్య కోడలూ! మిరపకాయలు ఏయిస్తన్నాము. ఏటి, నీకూ గాటొచ్చినాదా?"

ఇసక మీద కూలబడి ఏడ్చాను. జబ్బు పడినప్పుడు కూడా ఏడవలేదు. కన్నమ్మ దూరం నుంచే చూసింది. ఆ రోజు పేరంటాలి సంగతి అడగకుండా, "గంజి సల్లారిపోతాది" అని మాత్రం చెప్పి పోయింది.

మాఘం వెళ్ళి ఫాల్గుణం వచ్చింది. మందు అయిపోయింది. కొన్నాళ్ళు ఆగి మళ్ళీ నమూనా తీశారు. లేదని వచ్చింది. పల్లెలో ఇంకెవరికీ జ్వరం రాలేదు. పార తుప్పు పట్టింది.

వేపమండలు ఎవరు విప్పాలనే మాట వచ్చింది. కట్టించినది కన్నమ్మ కనుక ఆమే విప్పాలన్నారు. కొంగు మూతికి అడ్డం కట్టుకుని, తడిగుడ్డ చేత్తో పట్టుకుని వచ్చింది. నేను తుడవడం అన్నాళ్ళూ దూరం నుంచి చూసి నేర్చుకున్నట్టుంది. ఒక్కొక్క మండా విప్పి, అలవాటు కొద్దీ దండం పెట్టి, "ఎల్లిరాయే తల్లీ" అంది. మళ్ళీ ఆగి నన్నడిగింది.

"మగపిట్టట కదా?"

"డాక్టరు అలాగే అన్నాడు."

"అయితే ఎల్లిరా నాయనా" అంది.

ఎండలు ముదిరే వేళకు దేవికి ఆడపిల్ల పుట్టింది. మూడో నెలలో ఇంటికి వచ్చింది. వాళ్ళమ్మ ఒప్పుకోలేదు, దేవే ఒప్పించింది. గుమ్మంలోకి రాకముందే నాతో అంది. "అత్తా, పిట్ట పాకలోనే ఉండాల. పాప అటు రాదు. నువ్వు అక్కడి నుంచి వత్తే చేతులు కడిగి, కోక మార్చి పాపనెత్తుకోవాల." అలాగే అన్నాను. అది నా మీద కోపంతో అన్న మాట కాదు. ఈ ముక్క రాస్తూ ఇప్పుడు తల దించుకుంది, రాయమన్నాను.

అప్పన్న వచ్చి చూసి, "ఇంకా ఉన్నాదేటి ఇది" అని పెద్ద పంజరం ఒకటి కట్టి పెట్టాడు. అంతకు మించి వాడేమీ అనలేదు, వాళ్ళ నాన్న కొడుకు కదా.

ఛత్రపురం పిల్లా, నీకు చెప్పేది ఇంతే. పిట్టను ముందు డాక్టరుకు చూపించు. నీకు దగ్గు ఉంటే నిన్నూ చూపించుకో. పంజరం పొడిగా ఊడవకు. ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్ళుంటే దూరం పంపు, వాళ్ళు అలిగినా సరే. మందు మధ్యలో ఆపకు. ఎవరైనా గోతిలో పెట్టమంటే, తలుపు మూసి వేపమండ కట్టు. అది దాటి ఎవరూ రారు.

ఇప్పటికీ మధ్యాహ్నం కంచం పట్టుకుని పాక దగ్గరికే పోతాను. గిన్నె నింపి లోపల పెడతాను. జబ్బు పోయిందని కాగితం ఉంది, అయినా నోటితో పెట్టను. పేరంటాలు ఊచల మీద పాక్కుంటూ వచ్చి సందులోంచి ముక్కు చాపుతుంది. నేను మొహం పక్కకు తిప్పుకుంటాను. అది కాసేపు నా చెంప వైపు చూస్తుంది. నేను ముద్ద నోట్లో పెట్టుకుంటాను. అప్పుడు అది దిగి గిన్నె దగ్గరికి పోతుంది.